ఆ కంపెనీ లేని పంతొమ్మిది కంప్యూటర్లు

కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే ఆ పెద్ద కంపెనీ రేపు పొద్దున లేకుండా పోతే మన బల్లల మీది కంప్యూటర్లు ఏమవుతాయి? కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న మీవంటి వాళ్ళను అడిగితే రెండు రకాల జవాబులు వస్తున్నాయి. ఒకటి, అన్నీ ఆగిపోతాయి. రెండు, ఏమీ కాదు, ఇంకో కంపెనీ వస్తుంది. రెండూ ఊహలే. నేను మాత్రం చేసి చూశాను. పంతొమ్మిది కంప్యూటర్ల మీద, దిల్‌సుఖ్‌నగర్‌లో, సకల జనుల సమ్మె జరుగుతున్న రోజుల్లో. పద్దెనిమిది నేను చెప్పినట్టే నడిచాయి. ఇది పంతొమ్మిదోదాని కథ.

ఇలాంటివి సాధారణంగా పదవీ విరమణ చేసినవాళ్ళు రాస్తారు. నాకింకా బోలెడు సర్వీసుంది. అయితే ఆ ఉద్యోగం నుంచి మాత్రం పూర్తిగా విరమించాను, అంతమేరకు అర్హుణ్ణే.

అది పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్. బస్ డిపో దగ్గరి సందులో రెండో అంతస్తు. బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. హోదా పేరు సిస్టమ్ ఇన్‌చార్జి. చూడవలసినవి: ల్యాబులో పన్నెండు కంప్యూటర్లు, ఆఫీసులో నాలుగు, లెక్చరర్ల గదిలో ఒకటి, డైరెక్టర్ గారి గదిలో ఒకటి, డీటీపీ గదిలో ఒకటి. ఇవి కాక నియామక పత్రంలో లేనివి: ఇన్వర్టర్, రెండు ప్రింటర్లు, నీళ్ళ మోటారు స్విచ్చి.

డీటీపీ గది అంటే మెట్ల కింద కిటికీ లేని చోటు. అందులో కూర్చునే ఆపరేటర్‌ను మేమంతా అక్క అనేవాళ్ళం. మన్సూరాబాద్ ఆవిడది. ఇప్పుడు కాలనీలున్న చోట వాళ్ళ అత్తగారి వాళ్ళు జొన్న వేసేవారట. తెలుగు మీడియం విద్యార్థులకు ఇచ్చే ప్రశ్నపత్రాలు, నోట్సు, మోడల్ టెస్టులు, అన్నీ పదకొండేళ్ళుగా ఆమె ఒక్కతే టైపు చేసింది. తెలుగు మీడియం వాళ్ళు ఎక్కువగా నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు. వాళ్ళకు మా దగ్గర దొరికే తెలుగు మెటీరియల్ ఇంకో చోట దొరికేది కాదు.

సమ్మె మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు ఒక ఉత్తరం వచ్చింది. పెద్ద కంపెనీ తరఫున ఎవరో లాయర్లు పంపారు. మీ దగ్గరున్న కంప్యూటర్లన్నింటికీ మా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఉన్నాయో లేవో నెలలోగా చూపించండి అని. డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. ఆయనది గుంటూరు వైపు. ఇరవై ఏళ్ళ కిందట ఒక గదిలో ట్యూషన్లతో మొదలుపెట్టినాయన. తెల్లచొక్కా తప్ప ఇంకో రంగు వేసుకోగా నేను చూడలేదు.

"ఏంటయ్యా ఇది?"

"లైసెన్సులు ఉన్నాయా అని అడుగుతున్నారు సార్."

"ఉన్నాయా?"

"ఒక సీడీ ఉంది సార్."

"సీడీ మీద ఏముంది?"

"మార్కర్‌తో రాసిన నంబరు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కంప్యూటర్లు అమర్చి ఇచ్చిన పక్క సందు భాయ్, పంతొమ్మిదింటికీ అదే సీడీ వాడాడు. మాకే కాదు, ఆ వీధి మొత్తానికీ అదే సీడీ, అదే నంబరు.

"కొంటే ల్యాబుకీ ఆఫీసుకీ కొంటాను. డీటీపీ గదికి కూడానంటే నా వల్ల కాదు. అసలే ఈ గొడవల్లో తెలుగు మీడియం బ్యాచికి సగంమంది రావట్లేదు. ఆ సెక్షన్ తీసేద్దాం. ఇంగ్లీషు మెటీరియల్ బయట కొట్టించుకుంటే సరిపోతుంది."

ప్రూఫులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అక్కను మేమిద్దరం అప్పుడే చూశాం.

"సార్, తీసేసుడంటే నన్నా, మెషిన్‌నా?" అంది.

"అబ్బే, నిన్ననలేదమ్మా. సెక్షన్ అన్నాను."

"మరి మెషిన్ ఒక్కతే ఇంటికి వోతదా సార్?"

నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. కాలేజీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి గంటలు గంటలు వాదించినవాణ్ణి. నోరు ఊరుకోలేదు. "ఆ కంపెనీయే లేదనుకుందాం సార్. పంతొమ్మిదింటి మీద దాన్ని తీసేసి ఉచితంగా దొరికే సిస్టమ్ వేస్తాను. లైసెన్సు గొడవే ఉండదు. ఏ సెక్షనూ తీసెయ్యక్కర్లేదు. నెల రోజులివ్వండి."

"ఆ కంపెనీ లేకపోతే కంప్యూటరనేదే లేదయ్యా. అంతా వాళ్ళు పెట్టిన భిక్ష."

"గీ మాట నేను ఎక్కడ్నో విన్న సార్," అంది అక్క. "మేం లేకుంటే మీకు హైదరాబాదే లేదని టీవీల రోజొకడు అంటుండు."

"దానికీ దీనికీ ముడిపెట్టకమ్మా," అన్నారు డైరెక్టర్ గారు. నవ్వారు గానీ మొహం కొంచెం ఎర్రబడింది. నేను కిందికి చూశాను. మా నాన్నది కృష్ణా జిల్లా, నేను పుట్టింది వనస్థలిపురం. ఆ రోజుల్లో ఇలాంటి మాటలు వచ్చినప్పుడు ఎటు చూడాలో నాకు తెలిసేది కాదు.

చివరికి ఆయన నెల రోజులు ఇచ్చారు. ఒక షరతు మీద. "అన్నీ నడవాలి. ఏ ఒక్కటి నడవకపోయినా కొనేవి కొంటాను, తీసేసేవి తీసేస్తాను."

మెట్లు దిగుతుంటే అక్క వెనకనుంచి అంది, "తమ్మీ, నా నౌకరి నీ చేతుల వెట్టిండు సారు. జెర చూసి నడువు."

నేను జాబితా రాశాను. నాకు అదొక అలవాటు, ఇప్పటికీ పోలేదు. కోచింగ్ సెంటర్లో కంప్యూటర్‌తో జరిగే ప్రతి పనినీ గదిగదికీ తిరిగి రాసుకున్నాను. నలభై ఒకటి తేలాయి. హాజరు పట్టిక, మార్కుల షీటు, హాల్ టికెట్ల ప్రింటు, ల్యాబులో మాక్ టెస్టు, లెక్కల లెక్చరర్ గారి గ్రాఫులు, డైరెక్టర్ గారి చెస్ ఆట. ప్రతిదాని పక్కన మూడు గళ్ళు: ఇప్పుడు దేనితో చేస్తున్నాం, రేపు దేనితో చేస్తాం, పరీక్షించామా. పదిహేడో నంబరు: తెలుగు టైపింగ్. దాని పక్కన "నడుస్తుంది" అని టిక్ పెట్టాను. ఎలా పరీక్షించానంటే, కొత్త సిస్టమ్ మీద ఒక తెలుగు పత్రిక వెబ్‌సైటు తెరిచాను, బాగానే కనిపించింది. నాలుగు తెలుగు మాటలు టైపు చేశాను, వచ్చాయి. ప్రింటు తీశాను, వచ్చింది. అందరినీ వాళ్ళ పని గురించి అడిగాను. అక్కను అడగలేదు. తెలుగు నాకూ వచ్చు కదా అనుకున్నాను.

పద్దెనిమిదింటిని మూడు వారాల్లో మార్చాను. ఈ భాగం ఓర్చుకుని చదవండి, మొదట అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది.

ఆ కంపెనీ మాయమైన రోజున మీ కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. బటన్ నొక్కితే నిన్నటిలాగే లేస్తుంది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకే మొదటి ఇబ్బంది. కొత్త మెషిన్ మీద వేసుకునేటప్పుడు అది కంపెనీని అనుమతి అడుగుతుంది, అవతల పలికేవాడు ఉండడు. మార్కర్ నంబరు వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత వైరస్‌లకు మందు రావడం ఆగిపోతుంది. మా వీధిలో ఆ మందు ఎన్నడూ ఎవరూ వేసుకోలేదు. తర్వాత కొత్త ప్రింటర్ కొంటే అది పాత సిస్టమ్‌తో మాట్లాడదు. ఆ తర్వాత ఫైళ్ళు. అవి ఏ పద్ధతిలో దాచారో పూర్తిగా తెలిసినవాళ్ళు పోయారు గనక, ఇంకో ప్రోగ్రాంలో తెరిస్తే పట్టికల గీతలు కొంచెం వంకర పోతాయి. అన్నింటికన్నా మొండివి చేతివేళ్ళు. మా ఆఫీసు గుమాస్తా సేవ్ బొమ్మ ఎడమ మూలనుంచి రెండు వేళ్ళు జరిగిందని వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇవన్నీ ఏళ్ళ మీద, ఒకదాని వెనక ఒకటిగా వచ్చే ఇబ్బందులు. తట్టుకోదగినవే.

పక్క సందు భాయ్ అయితే ఈ చర్చనే కొట్టిపారేశాడు. "ఆ కంపెనీ మునుగుతే మునగనియ్ భాయ్. నా సీడీ మునగదు. గీ లైన్ల యాభై దుకాన్లల్ల ఉన్నది నా సీడీ."

అప్పుడు నవ్వాను. ఆ మాటలో ఎంత నిజముందో వారం తిరగకుండానే తెలిసింది.

పంతొమ్మిదోది అక్క మెషిన్. అది ఖాళీగా ఉండే రోజు కోసం చూశాను. సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు, కరెంటు ఉన్నప్పుడు ఉంటోంది. ఒక రోజు బంద్ పిలుపు వచ్చింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి భోజనాలు చేసే నిరసన. కాలనీ ఆడవాళ్ళతో కలిసి అక్క అక్కడికి వెళ్తానంది. ఆమె కుర్చీ ఖాళీ. నేను వనస్థలిపురం నుంచి నడుచుకుంటూ పొద్దున్నే చేరి, తాళం తీసి కూర్చున్నాను.

జాగ్రత్తగానే చేశాను. ఆమె ఫైళ్ళన్నీ ముందు కాపీ తీశాను. రెండు చోట్ల తీశాను. లెక్క సరిచూశాను. అప్పుడు హార్డ్‌డిస్క్ తుడిచి కొత్త సిస్టమ్ వేశాను. మధ్యాహ్నం కాకముందే అయిపోయింది. ఆమె ఫైలు ఒకటి తెరిచాను.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య కామాలు, పౌండు గుర్తులు, టోపీ పెట్టిన 'ఏ'లు, తోక ఉన్న 'సీ'లు. ఇంకో ఫైలు. అదీ అంతే. వరసగా నలభై ఫైళ్ళు తెరిచాను.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అది జీర్ణం కావడానికి పట్టింది. ఇప్పుడు మీ ఫోన్లో తెలుగు అక్షరానికి తనకంటూ ఒక సంఖ్య ఉంది. అక్క వాడుతున్న పాత ప్రోగ్రాంలో అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల మొహాలకు తెలుగు ముక్కలు అతికించారు, అంతే. ఒక మీటకు తలకట్టు, ఒక మీటకు గుడి, ఒక మీటకు కొమ్ము, ఒక మీటకు వత్తు. ప్రోగ్రాం ఉన్నంతసేపూ అది తెలుగు. ప్రోగ్రాం పోయింది, మొహాలు ఊడిపోయాయి. నేను ఫైళ్ళు కాపీ తీశాను గానీ ప్రోగ్రాం తీయలేదు.

వెనక్కి వెళ్దామనుకున్నాను. పెద్ద కంపెనీ సిస్టమ్ మళ్ళీ తెచ్చుకోవడం క్షణాల పని అయింది. భాయ్ దుకాణం షట్టర్ సగం దించుకుని లోపలే ఉన్నాడు, సీడీ ఇచ్చాడు. తెలుగు ప్రోగ్రాం? అక్క సొరుగులో మూడు ఫ్లాపీలు దొరికాయి. రెండింటికి బూజు పట్టింది. కంప్యూటర్ వెనక అగ్గిపెట్టెంత తాళం ఒకటి బిగించి ఉంది. అది ఉంటేనే ఆ ప్రోగ్రాం పని చేసేదట. దాని మీద చిన్న స్టిక్కర్, చేసిన వాళ్ళ పేరు, ఫోన్ నంబరు. ఈ ఊరి కంపెనీయే. ఫోన్ చేశాను.

"కర్రీ పాయింటండీ. బంద్ కదండీ, ఇవాళ పప్పు ఒక్కటే ఉంది," అంది ఒక గొంతు. ఆ నంబరు తమకు వచ్చి నాలుగేళ్ళయిందట.

భాయ్‌ను అడిగాను. "ఆ సాఫ్ట్‌వేరా? ఇద్దరు ముగ్గురు వాడుతుండిరి గీ లైన్ల. వాళ్ళ మెషిన్లు ఎప్పుడో ఖతం. కంపెనీ గుడ ఖతం. ఒకాయన పాత ఫైళ్ళ సీడీలు ఇంకా దాసిపెట్టుకున్నడు పాపం, తెరవనీకి రాదు."

ఆకాశమంత కంపెనీ మాయమైతే ఏమవుతుందని నేను నెల రోజులు లెక్కలు వేశాను. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచిన, మన భాష కోసం పని చేసిన ఒక చిన్న కంపెనీ నాలుగేళ్ళ కిందటే మాయమైంది. దానికి ఉత్తరాలు పంపే లాయర్లు లేరు, దొంగ సీడీ చేసి వీధంతా పంచిన భాయ్ కూడా లేడు. మా తెలుగు మీడియం మొత్తం దాని తాళానికి వేలాడుతోందని నా నలభై ఒక్క వరసల జాబితాకు తెలియలేదు.

డైరెక్టర్ గారికి ఫోన్‌లోనే చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఆయన అరవలేదు. "వచ్చే ఆదివారం కాకుండా పై ఆదివారం మాక్ టెస్టు. ఆ రోజుకు తెలుగు పేపరు చేతిలో ఉంటే సరే. లేదంటే ఆ సెక్షన్ అక్కడితో ఆఖరు. ఆవిడకు నువ్వే చెప్పు," అన్నారు. ఆ పేపరు ప్రశ్నలన్నీ చదవడానికి రాని ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి.

ఒక ఫైలు మొదటి పేజీ ప్రింటు తీసుకుని బయల్దేరాను. చైతన్యపురి, కొత్తపేట పండ్ల మార్కెట్, అన్నీ మూసి ఉన్నాయి. చౌరస్తాలో మాత్రం జాతర. వరసగా రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, డప్పులు, మైకులో నినాదాలు. అక్క చేతిలో గరిటె, నుదుట చెమట.

"ఓహో, ఆంధ్ర తమ్ముడు గుడ వచ్చిండే! ఇస్తారాకు తీస్కో, కూసో," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు.

"అక్కా, నీ మెషిన్ మార్చాను. నీ ప్రోగ్రాం పోయింది. మళ్ళీ రాదు."

డప్పుల మధ్య ఆమెకు వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను. వినపడింది.

"ముట్టుకునే ముందల ఒక్క మాట అడగాల్నా వొద్దా? ఫోన్ లేదా నీకు? నా నంబర్ లేదా?"

"ఉంది."

"పదకొండేండ్లు కొట్టిన తమ్మీ. నా బిడ్డ పుట్టినంక మూన్నెల్లకే మళ్ళ వచ్చి కూసున్న ఆ కుర్సీల. ఎవడో కంపెనోడు పోతే ఏం గాదని లెక్చర్లు దంచితివి గద? గా కంపెనోడు పాడుగాను, నాది పోగొట్టినవ్ నువ్వు."

పై ఆదివారం గడువు సంగతి చెప్పాను. పేజీ చేతికిచ్చాను. ఆమె నలిపి పొయ్యిలో పడేయబోయి ఆగింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, కాగితం సాపు చేసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది.

"మూసీ నది ఎక్కడ పుడుతుంది? ఒకటి, అనంతగిరి కొండలు. రెండు, నల్లమల..."

నేను కాగితంలోకి తొంగి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, టోపీలు.

"ఏందే, ఇంగ్లీషు జూసి తెలుగు సదువుతున్నవ్?" అంది పక్క పొయ్యి ఆవిడ.

"ఇంగ్లీషు గాదే. తెలుగే. ఏషమేసుకున్నది," అంది అక్క, కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే. "గీ పెద్ద ఎఫ్ మూ తమ్మీ. గీ టోపీ ఏ లేదా, అది మీటల మీద ఉండదు, ఆల్ట్ వట్టుకొని నంబర్ కొట్టాలె. నాకు అన్నీ ఎర్కనే."

"అన్నీ అంటే ఎన్ని?"

"లెక్కవెట్టలే. వేళ్ళకు ఎర్క."

"అక్కా, నువ్వు చెప్తే నేను పట్టిక రాస్తాను. ఏ గుర్తుకు ఏ తెలుగు ముక్కో. పట్టిక ఉంటే ప్రోగ్రాం రాయొచ్చు. ఫైళ్ళన్నీ అసలైన తెలుగులోకి వచ్చేస్తాయి. అప్పుడు ఏ కంపెనీ పోయినా పోవు."

ఆమె గరిటె పక్క ఆవిడ చేతికిచ్చింది. "ముందుగాల తిను. తర్వాత పోదాం. సెక్షన్ బందు వెడ్తడా సారు? ఎట్ల వెడ్తడో నేను గుడ జూస్త."

మాకు తొమ్మిది రోజులున్నాయి. కరెంటు ఉన్న గంటల్లో నేను ప్రోగ్రాం రాసేవాణ్ణి, లేనప్పుడు మెట్ల మీద వెలుతురులో కూర్చుని పట్టిక రాసేవాళ్ళం. మొదట ఒక్కో గుర్తూ చూపించి ఇదేంటని అడిగాను. ఆమెకు సగం గుర్తు రాలేదు. మూడో రోజు తనే ఉపాయం చెప్పింది. పాత కీబోర్డు ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. దేనికీ తగిలించని కీబోర్డు. కళ్ళు మూసుకుని ఒక మాట అనుకునేది, వేళ్ళు కదిలేవి, ఏ మీట మీద పడ్డాయో నేను రాసుకునేవాణ్ణి. "ణ వత్తు... ఆల్ట్, రెండొందల పద్నాలుగు. నన్నడగకు, నా బొటనవేలునడుగు."

నూట ఎనభై ఏడు వరసలు వచ్చాయి. ప్రోగ్రాం నడిపితే కొన్ని ఫైళ్ళు ముత్యాల్లా వచ్చాయి, కొన్నింట్లో ఎత్వం ఒక అక్షరం పక్కకు జరిగి మొత్తం అస్తవ్యస్తం. రెండు రోజులు నా ప్రోగ్రాంలో తప్పు వెతికాను. లేదు. అక్క ఆ పేజీలను కాసేపు చూసి అడిగింది. "గివి ఎప్పుడు కొట్టినయి?"

తేదీలు చెప్పాను.

"గట్ల చెప్పు మరి. నా బిడ్డ పుట్టకముందు ఎత్వం ముందల కొడ్తుంటి, అక్షరం తర్వాత. మూన్నెల్లు ఇంటికాడ ఉండి వచ్చేసరికి వాళ్ళు సాఫ్ట్‌వేర్ మార్చిండ్రు. అప్పటిసంది తిప్పి కొడ్తున్న."

ప్రోగ్రాంలో రెండు భాగాలు పెట్టాను. ఒకదాని పేరు "పాపకు ముందు", ఇంకోదాని పేరు "పాపకు తర్వాత". నేను ఇప్పటివరకు రాసిన ప్రోగ్రాముల్లో ఇంతకన్నా స్పష్టంగా పేర్లు పెట్టింది లేదు.

శుక్రవారం డైరెక్టర్ గారు మెట్ల దగ్గరికి వచ్చారు. చేతిలో లైసెన్సుల కొటేషన్ ఉంది. "ఎందుకమ్మా ఈ అవస్థ? పేపరు వచ్చినా రాసేదెవరు? బస్సుల్లేవు. తెలుగు మీడియం పిల్లలు పదిమంది కూడా రారు."

"వస్తరు సార్."

"ఎలా వస్తారు?"

"మీరు ఎట్ల వస్తున్నరో గట్లనే. ఎనకట వాళ్ళకు బస్సులుండెనా?"

శనివారం సాయంత్రానికి పేపరు తేలింది. కొత్త సిస్టమ్ మీద, అసలైన తెలుగులో, నూట యాభై ప్రశ్నలు. అక్క మూడుసార్లు ప్రూఫు చూసింది. యాభై కాపీలు తీశాం. డైరెక్టర్ గారు ముప్పై చాలన్నారు, నేను యాభై తీశాను.

ఆదివారం ఎనిమిదింటికి నలుగురే ఉన్నారు. డైరెక్టర్ గారు వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు. అక్క గేటు దగ్గర నిలబడింది. ఎనిమిదిన్నరకు కూరగాయల ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది, వెనక నిలబడి పద్నాలుగు మంది. ఇబ్రహీంపట్నం వైపు పిల్లలు. తర్వాత హాస్టళ్ళ నుంచి నడిచి వచ్చినవాళ్ళు. ఒక అమ్మాయి సైకిల్ మీద నాదర్‌గుల్ నుంచి తొక్కుకుంటూ వచ్చింది. తొమ్మిదింటికి లెక్కపెట్టాను. అరవై ఒక్కరు. పదకొండు పేపర్లు తక్కువ.

పరీక్ష నల్లేరు మీద బండి నడకలా సాగిందని అంటే అబద్ధం. రెండు ప్రశ్నల్లో వత్తులు విరిగి వచ్చాయి, పట్టికలో నా తప్పు. పిల్లలు చేతులు ఎత్తారు. అక్క హాలు మధ్యలో నిలబడి ఆ రెండింటినీ గట్టిగా చదివి రాయించింది. వెనక వరస కుర్రాడొకడు "మేడం, ఆన్సర్లు గుడ చెప్పుండ్రి," అన్నాడు. "నీ ఆన్సర్ నువ్వు కొట్టు బిడ్డా, నాది నేను కొట్టిన," అంది.

డైరెక్టర్ గారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు. కొటేషన్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "సెక్షన్ ఉంటుందమ్మా," అన్నారు, ఆమెతో కాకుండా గోడతో చెప్తున్నట్టు. లైసెన్సుల కోసం ఉత్తరం పంపినవాళ్ళు ఆ తర్వాత ఎన్నడూ రాలేదు, అది వేరే విషయం.

తక్కువైన పదకొండు పేపర్లు తీయించడానికి పరీక్ష మొదట్లో అక్కను జెరాక్స్ దుకాణానికి పంపాం. ఆమె వెంటనే పేపర్లు పంపించేసింది, తను మాత్రం పరీక్ష సగంలో గానీ తిరిగి రాలేదు. ఎందుకు ఆలస్యమైందో మధ్యాహ్నం తెలిసింది. పేపర్లతోపాటు మా నూట ఎనభై ఏడు వరసల పట్టికనూ ఇరవై కాపీలు తీయించింది. భాయ్‌కు ఒకటిచ్చింది. పాత సీడీలు దాచుకున్న ఆయన ఇల్లు కనుక్కుని వెళ్ళి ఆయనకు రెండిచ్చింది. ఆ వీధిలో ఉన్న ప్రతి డీటీపీ దుకాణం షట్టర్ కింది నుంచీ ఒకటి తోసేసింది.

డైరెక్టర్ గారికి ఈ కబురు ఆయన గదిలో, అక్క ఎదుటే, నేనే చెప్పాను, గర్వంగా. ఆయన లేచి నిలబడ్డారు.

"ఎవర్నడిగి ఇచ్చావమ్మా? అది మన సంస్థ ఆస్తి. మన జీతం మీద, మన టైములో తయారైంది. రేపు పక్క సెంటర్ వాడు ఇదే వాడుకుంటే?"

"వాడుకోనియ్ సార్."

"వాడుకోనియ్ ఏమిటి? నష్టం ఎవరికి?"

అక్క బల్ల మీద ఒక కాపీ పెట్టింది. ఆయనకు కూడా ఒకటి మిగిల్చింది.

"క్వశ్చన్లు మీయి సార్, కాదనను. ఒక్కటి గుడ బయటికి ఇయ్యలే," అంది. "అక్షరాలు మీయెట్లయితయి?"